ఎఱ్ఱనేలయు గడ్డిమందును
(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ సభయందు నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు మాకంటె సమర్థులు ప్రసంగించియున్నారు. మేము సంస్కృతము చదివి బడిలో పాఠములు చెప్పినవారము, వ్యవసాయశాస్త్రజ్ఞులము కాము. అయినను మన కుటుంబములలో పెక్కింటికి జీవనాధారము అనంతపురపు మెట్టనేల. ఆ నేలపై నేడు మనము చల్లుచున్న గడ్డిమందు తుద కేమగుచున్నదో విచారించుట ఈ సభకు తగిన పనియే యని తలంచి, తెలిసికొన్నంతవఱకు విన్నవించుచున్నాము.

మన పెద్దలు గుంటకతోను, చేతికలుపుతోను గడ్డి నణచిరి. నేడు కూలి హెచ్చినది. పనిచేయు చేతులు తఱిగినవి. ఒక్కదినములో ఎకరములకొలది తడుపగల మందు అంగడిలో దొరకుచుండగా రైతు దాని నాశ్రయించుట వింత కాదు. అతనిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని ఆయుధమును చేపట్టినవాడు దాని నుపసంహరించు విధము కూడ నెఱుగవలయును గదా!

వేరుసెనగచేలలో విత్తిన మూడుదినములలోపల చల్లునది పెండిమిథాలిన్. పైరు మొలచి రమారమి మూడువారములైన పిదప చల్లునది ఇమాజితాపిర్. ఇవి నేలపై బడినపిమ్మట వీనికి అనేకగతులు కలవు. పెండిమిథాలిన్ పైపైన నిలిచినచో కొంత ఆవిరియై పోవును. కొంత ఎండకు విఱుగును. ప్రతిమందులోను కొంత మట్టిరేణువుల నంటుకొనును. అంటుకొనుట వేఱు, నశించుట వేఱు. పారాక్వాట్ అను మందు బంకమట్టి నంటి, శక్తి కోల్పోయియు, ఏండ్లతరబడి నేలలోనే దాగియుండును. గట్లపై చల్లు గ్లైఫోసేటు విఱిగినపుడు పుట్టు 'ఆంపా' యను పదార్థము మాతృపదార్థముకంటె ఎక్కువకాలము నిలుచును.

పెక్కుమందులను నిజముగా విఱిచి రూపుమాపువారు మన కంటికి కనబడని సేవకులు. అనగా మట్టియందలి బాక్టీరియాలు, శిలీంధ్రములు. మొక్కజొన్నకు వాడు అట్రజిన్ అను మందునుండియే తమకు కావలసిన నత్రజనిని గ్రహించి బ్రదుకు బాక్టీరియాలను గూర్చి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిరి. వేరుసెనగ వేళ్లయందలి బుడిపెలలో నివసించి, గాలిలోని నత్రజనిని పైరునకు సమకూర్చువారు కూడ ఈ సూక్ష్మజీవుల వర్గమువారే.

ఈ సేవకులకు మందువలన హాని లేదా? కలదు. గ్లైఫోసేటు, ఇమాజితాపిర్ మొక్కలలో ఏయే ఎంజైములను స్తంభింపజేయునో, అట్టివి పెక్కు సూక్ష్మజీవులయందును కలవు. చీటిపై వ్రాసిన మోతాదు మేరకు చల్లినచో సామాన్యముగా వాని సంఖ్య కొన్నివారములు తగ్గి మరల కోలుకొనును. మోతాదు మీఱినకొలది హాని పెరుగును. 'ఇంకొక మూత పోసిన పోయెడిదేమి?' అనువారు ఈ మాట గుర్తుంచుకొనవలయును.

ఇక మన సీమకు ముఖ్యమైన విషయము. సూక్ష్మజీవులకు తేమ ప్రాణము. తడి యున్నంతవఱకే అవి పనిచేయును. మట్టి యెండినచో నిద్రించును. మనకు ఏటికి సగటువర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో జిల్లా రెండుగా చీలినది గాని కఱవు చీలిపోలేదు. పైగా మన ఎఱ్ఱనేలలు లోతు తక్కువవి, పసలేనివి. వానిలో సూక్ష్మజీవులకు మేత స్వల్పము. ఒక మందు నలువది దినములకు సగమగుననుకొందము. పంటకాలమగు 120 దినములకు ఎనిమిదవవంతు మిగులును. వానలేక ఆ సగమగుటకే ఎనుబది దినములు పట్టినచో, అదే 120 దినములకు మూడవవంతుకు పైగా మిగులును. పొలము ఒకటే, మందు ఒకటే, భేదమంతయు వానలోనిదే.

దీని ఫలము ఎవరికి తగులును? వేరుసెనగ యెండిపోయిన యేడు ప్రత్యామ్నాయముగా జొన్నయో, కొఱ్ఱయో విత్తు పేదరైతునకు. వైద్యనిఘంటువులలో కాయధాన్యములకు శింబీధాన్యములనియు, కొఱ్ఱ మున్నగువానికి తృణధాన్యములనియు పేరు. తృణమనగా గడ్డి. ఇమాజితాపిర్ శింబీజాతియగు వేరుసెనగను విడిచి తృణమును చంపునది. దానికి గడ్డికిని కొఱ్ఱకును భేదమేమి తెలియును? వాన వచ్చినప్పు డది విఱిగియుండును. వాన రానప్పుడు పొంచియుండును. ఒకపంట కఱవుపాలైనపిదప రెండవపంట మందుపాలగుట ఎంతటి దుఃఖము!

కావున మూడు పనులు విన్నవించుచున్నాము. మొదటిది పరీక్ష. మొదటిపైరు చేలో నుండగానే నాలుగైదు తావుల మట్టిని బెత్తెడు లోతున తీసి కలిపి ఒక కుండలోను, ఆ మందెఱుగని పొలపు మట్టిని మఱియొక కుండలోను నింపి, విత్తదలచిన గింజలనే పదేసి చొప్పున నాటి, సమముగా తడిపి, రెండుమూడు వారములు చూడుడు. మొదటికుండలోని మొలకలు గిడసబాఱినచో ఆ గింజ ఆ పొలమునకు తగదు. రెండవది ఎరువు. మాఘమాసమున ఎరువుకుప్పను త్రవ్వి, ఎండించి, పొడిచేసి పొలమునకు చేర్చవలెనని కృషిపరాశరము విధించినది. పశువులయెరువు తేమను నిలుపును, సూక్ష్మజీవులకు మేతయగును. మూడవది మితము. గుంటక పాఱుచోట గుంటకనే పాఱనిండు. వరుసల నడుమ గుంటకయు, మొదళ్లయొద్ద చేతికలుపును సాగినంతవఱకు మందు పని లేదు. కలుపుకూలియే ఆధారముగా గల ఆడపడుచులు మనలోనే యున్నారని మఱువకుడు.

దాతలగు మహాశయులకు ఒక మనవి. రేకులకుంట వ్యవసాయపరిశోధనాస్థానము మనకు సమీపముననే కలదు. అచ్చటి శాస్త్రజ్ఞుల సంప్రదించి, ఏ మందు తరువాత ఏ పైరు ఎన్నినాళ్లకు విత్తవచ్చునో తెలుపు చిన్నపుస్తకమును తెలుగున అచ్చొత్తించి ఇంటింట పంచుడు. వసతిగృహమునందలి విద్యార్థులచేత కుండలపరీక్ష చేయింపుడు. సత్రము కట్టించిన పుణ్యమునకు ఇది తీసిపోదు.

మన తాతలు మనకు నేల నిచ్చిరి. అందలి ప్రాణికోటితో గూడ దానిని మనుమల కప్పగించుట మన విధి.