ఇంటిపేరు కడపట

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన కొల్లూరి పేరు చెప్పగానే పైవారు వజ్రాల గనుల మాట తెచ్చెదరు. ఆ కొల్లూరును కృష్ణ దరిదే గాని, పల్నాటిది. పేరొక్కటి, ఊళ్లు రెండు! జిల్లా వ్రాయనిదే ఉత్తరము దారి తప్పును.

ఇంటర్నెట్టులో ఈ చిక్కు రాకుండ 1983లో పాల్ మొకపెట్రిస్ పేర్ల పద్ధతి నొకదానిని రూపొందించెను. ఆ నియమములను ఎవరైనను ఉచితముగా చదివి వాడుకొనవచ్చును. ఇది గ్రంథాలయము వారికి నచ్చు సంగతి!

మనకు ఇంటిపేరు ముందుండును. అక్కడ కడపట నుండును. కావున పేరును కుడినుండి చదువవలెను. ముందు బ్యాంకు పేరుండి చివర మరియొకటి యున్నచో, అది పరుల యిల్లే. పేరు తరువాత ఏటవాలు గీత యున్నచో, గీతకు ముందు భాగమే లెక్క. తాళము బొమ్మను చూచి భ్రమపడరాదు. దారిలో మన మాట నెవరును వినలేరనియే అది చెప్పును; అవతలివాడు సజ్జనుడని చెప్పదు.

బ్యాంకులన్నియు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అను ఇంటిపేరునకు 2025 అక్టోబరు 31లోగా మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. దానిని నమోదు చేయునది హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ, బ్యాంకులకు గాక అన్యుల కీయదు.

ధాన్యము సొమ్ము ఖాతాలో పడిన మరునాడు ఫోనుకు సందేశము వచ్చినచో, తొందరపడి నొక్కక ఇక్కడికి తెండు. ఎవరము కూర్చున్నను చదివి పెట్టెదము.