పాత కారుకు కొత్త ప్లగ్గులు

మీ ఇంట్లో పాత మారుతి 800 ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే. 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిన ఆ కారుకు మూడు సిలిండర్లు, మూడు స్పార్క్ ప్లగ్గులు.

మామూలు ప్లగ్గు మొనలోని నికెల్ 1,455 డిగ్రీలకే కరుగుతుంది. ఇరిడియం ప్లగ్గు మొనలోని ఇరిడియం కరగాలంటే 2,446 డిగ్రీల సెల్సియస్ కావాలి. పైగా చాలా గట్టి లోహం. అందుకే మొన సన్నగా ఉన్నా త్వరగా అరగదు, ఖరీదెక్కువైనా చాలాకాలం మన్నుతుంది.

ఇరిడియం ప్లగ్గులు కొనేముందు మాత్రం పాత ప్లగ్గు విప్పించి చూడండి. మొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజనాయిల్ కాలుతోందని అనుమానించాలి. అలాంటి బండికి ఇరిడియం దండగ, ముందు ఇంజను బాగు చేయించండి.

ఏది కొన్నా హీట్ రేంజి, మర పొడవు కంపెనీ చెప్పినవే ఉండాలి. మర మరీ పొడవైతే పిస్టన్‌కు తగలొచ్చు. ఇంజను పూర్తిగా చల్లారాక, మొదట చేత్తోనే తిప్పి ఎక్కించి, ఆ తర్వాతే పానా పెట్టించండి.