మిగిలిన గంట ఎవరిది?

 

పట్టాలు అందుకున్న మీలో చాలామంది ప్రాజెక్టుల కోసం మనుషుల్ని కంప్యూటర్లో ఏజెంట్లుగా మార్చి సిమ్యులేషన్లు రాశారు. ఈ దారి వేసినవారిలో థామస్ షెల్లింగ్ ఒకరు. గళ్ల పలక మీద నాణేలు జరుపుతూ 1971లో ఆయన ఒక సంగతి తేల్చారు: చుట్టుపక్కల మూడో వంతు మంది తమలాంటి వాళ్లుంటే చాలనుకునే జనంతో కూడా ఊరు రెండు పేటలుగా విడిపోగలదు. ఎవరి మనసులోనూ అంత ద్వేషం లేదు, అయినా ఊరు చీలింది.

ఇదే పద్ధతిలో స్నేహాల మీద మోడల్ రాసేటప్పుడు మనం ప్రతి ఏజెంటుకూ రోజుకిన్ని తీరిక గంటలని ఒకే అంకె ఇచ్చేస్తాం. నా అభ్యంతరమంతా అక్కడే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. మూడు గంటలకు పైగా తేడా.

ఈ తేడా క్యాంపస్‌లోనూ కనిపిస్తుంది. సాయంత్రం ల్యాబ్ అయ్యాక హాస్టల్ పిల్లలు క్యాంటీన్ దగ్గర చేరతారు. ఏ కంపెనీ వస్తోంది, ఏ సీనియర్ రిఫరల్ ఇస్తాడు, అన్నీ అక్కడే తెలుస్తాయి. అదే వేళకు డేస్కాలర్ అమ్మాయి బస్సు కోసం నిలబడి ఉంటుంది. ఇల్లు చేరగానే రాత్రి వంట, తమ్ముడి హోంవర్కు. ఆ కబురు ఆమె చెవిన పడేసరికి గడువు దాటిపోతుంది. మార్కుల్లో ఆమె ఎవరికీ తీసిపోదు.

ఉద్యోగపు కబుర్లు ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతాయని 1973లో మార్క్ గ్రానోవెటర్ రాశారు. ముఖపరిచయాలు పెరగాలంటే తీరిక కావాలి. అది లేని మనిషి ఉన్న కాస్త సమయాన్నీ అయినవాళ్లకే ఇస్తుంది. డేటా చూసిన మనమేమో, ఆమెకు తనవాళ్లతో ఉండటమే ఇష్టమని రాసేస్తాం. ఇది అన్యాయం. లేమిని అభిరుచిగా లెక్కగట్టడం.

అందుకే ఒకటి అడుగుతున్నాను. మోడల్‌ను రెండుసార్లు నడపండి. ఇష్టాయిష్టాలు మార్చకుండా, ఒకసారి అందరికీ సమానమైన గంటలు, మరోసారి సర్వే చూపిన తేడాతో గంటలు ఇవ్వండి. రెండోసారి మాత్రమే నెట్‌వర్క్ చీలితే ఆ చీలికను మనుషుల ఇష్టానికి అంటగట్టకండి. ఆఖరి బస్సు వేళ, హాస్టల్ సీట్లు, పనిచోట పిల్లల సంరక్షణ, ఇలాంటి నిర్ణయాలు రేపు మీ నివేదికలు ముందు పెట్టుకునే తీసుకుంటారు. ఆ రెండో ఫలితాన్ని అనుబంధంలో దాచకుండా మొదటి పేజీలోనే పెట్టండి.