ఫైలు మనమే కట్టుకోవాలి

(ఆదివాసీ అధ్యాపకులు, పరిశోధక విద్యార్థుల సమావేశంలో ఒక ఆదివాసీ ప్రొఫెసర్ చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పోడు పట్టాల గురించి మాట్లాడుకున్నాం. హాస్టళ్ల గురించి, 2020లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేశాక ఏజెన్సీలో టీచరు పోస్టులు ఏమైపోయాయో దాని గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను యూనివర్సిటీ ప్రమోషన్ గురించి చెప్తానంటే వెనక కూర్చున్న తమ్ముళ్లు నవ్వారు. "మేడం, మాకు ఉద్యోగమే లేదు, మీకు ప్రమోషన్ బాధ" అన్నారు. నిజమే, ఆ మాటలో తప్పు లేదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. రేపు మీరు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పోతే టేబుల్‌కు అవతల కూర్చునేది ఎవరు? ప్రొఫెసర్లు. సిలబస్‌లో మన చరిత్ర ఎంతుండాలో తేల్చే బోర్డులో కూర్చునేది ఎవరు? ప్రొఫెసర్లు. పీహెచ్‌డీ విద్యార్థులను అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని తీసుకోవచ్చు, అసోసియేట్ ఆరుగురిని, ప్రొఫెసర్ ఎనిమిది మందిని. వైస్ ఛాన్సలర్ కావాలంటే 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గా పదేళ్ల అనుభవం ఉండాలి. మనవాళ్లు ప్రొఫెసర్ కాకుండా ఆగిపోతే ఈ తలుపులన్నీ మీకు కూడా మూసుకుపోతాయి. అందుకే ఇది నా జీతం గొడవ ఒక్కటే కాదు.

ముందు ఒక అపోహ తీసేస్తా. "మేడం రిజర్వేషన్‌లో ప్రొఫెసర్ అయింది" అని నా వెనక అనుకుంటారు. ప్రొఫెసర్ కావడానికి రెండు దారులున్నాయి. ఒకటి నేరుగా నోటిఫికేషన్ వేసి భర్తీ చేసేది. దానికి రోస్టర్ ఉంటుంది, ఎస్టీ పోస్టు ఉంటుంది. రెండోది కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, మనం సీఏఎస్ అంటాం. అందులో ఖాళీ పోస్టు అనేదే ఉండదు. మనిషి ఉన్న చోటే ఉండి పై హోదాకు పోతాడు. ఖాళీ లేదు కాబట్టి రోస్టర్ లేదు, రోస్టర్ లేదు కాబట్టి రిజర్వేషన్ లేదు. నేను వచ్చింది ఈ రెండో దారిన. ఒక్క మార్కు సడలింపు లేదు.

మొదటి దారి సంగతేంటో కూడా చెప్పుకుందాం. 2017లో అలహాబాద్ హైకోర్టు రిజర్వేషన్‌కు యూనివర్సిటీని కాదు, ఒక్కో డిపార్ట్‌మెంటును లెక్కలోకి తీసుకోవాలంది. 2018 మార్చిలో యూజీసీ ఆ ప్రకారం ఉత్తర్వు పంపింది. ఆ లెక్కలో ఎస్టీ వంతు పద్నాలుగో పోస్టుకు వస్తుంది. ఒక డిపార్ట్‌మెంటులో ప్రొఫెసర్లు ఎంతమంది ఉంటారు? ఒకరో ఇద్దరో. పద్నాలుగో ప్రొఫెసర్ పోస్టు ఎప్పుడొస్తుంది? మన మనవళ్లకు కూడా రాదు. దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థులు, అధ్యాపకులు దేశమంతా రోడ్డెక్కారు. 2019 మార్చిలో ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడు చట్టమైంది. కేంద్ర విద్యాసంస్థల్లో మళ్లీ యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలని ఆ చట్టం చెప్పింది. పోరాడితేనే వచ్చింది, గుర్తుపెట్టుకోండి. కానీ వచ్చిన పోస్టుకు కూడా "తగిన అభ్యర్థి దొరకలేదు" అని ఒక్క వాక్యం రాసి ఖాళీగా వదిలేయొచ్చు. ఆ వాక్యం రాసే కలం మళ్లీ ప్రొఫెసర్ల చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు సీఏఎస్ మెట్లు చెప్తా, రాసుకోండి. పీహెచ్‌డీతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే లెవెల్ 10. నాలుగేళ్లకు లెవెల్ 11. ఇంకో ఐదేళ్లకు లెవెల్ 12. ఇంకో మూడేళ్లకు 13ఎ, అంటే అసోసియేట్ ప్రొఫెసర్. ఇంకో మూడేళ్లకు లెవెల్ 14, ప్రొఫెసర్. మొత్తం పదిహేనేళ్లు, అదీ ఎక్కడా ఆగకపోతే. పీహెచ్‌డీ లేకుండా పీజీతో చేరితే మొదటి మెట్టుకే ఆరేళ్లు.

మన పిల్లలు ఈ మెట్ల దగ్గరికి ఏ వయసులో చేరతారు? ఆశ్రమ పాఠశాలలో ఏడాది పోతుంది, ఇంట్లో మలేరియా వస్తే ఏడాది పోతుంది, ఫెలోషిప్ డబ్బులు రాక రెండేళ్లు పోతాయి. నేను ఉద్యోగంలో చేరేసరికి ముప్పై ఆరు. లెక్క ప్రకారం యాభై ఒకటికి ప్రొఫెసర్ కావాలి. మొదటి మెట్టుకు ఓరియెంటేషన్ కోర్సు ఉండాలి. నేను రెండుసార్లు దరఖాస్తు పెడితే రెండుసార్లూ "ఇప్పుడు రిలీవ్ చెయ్యలేం" అన్నారు. ఎందుకంటే నేను గర్ల్స్ హాస్టల్ వార్డెన్. హాస్టల్లో ఎస్టీ పిల్లలకు ఏ గొడవైనా "మేడంని పిలవండి" అనేవాళ్లు. పిలిచిన ప్రతిసారీ పోయాను. పిల్లలను వదిలి ఎట్లా పోతాం? అట్లా రెండేళ్లు పోయాయి. నా తర్వాత చేరినాయన నాకంటే ముందు ఆ మెట్టెక్కాడు. ఆయనకు హాస్టల్ లేదు.

ప్రొఫెసర్‌కు దరఖాస్తు పెట్టేనాటికి నాకు యాభై మూడు. ఏం కావాలి? పది పరిశోధన పత్రాలు, అందులో మూడు ఈ చివరి కాలంలోవి. మన గైడెన్స్‌లో పీహెచ్‌డీ వచ్చిన విద్యార్థి ఉన్నట్టు రుజువు. రీసెర్చ్ స్కోరు 110. అసోసియేట్‌కైతే ఏడు పత్రాలు, స్కోరు 70.

నా లెక్క చెప్తా. సోషల్ సైన్సులో పత్రానికి పది పాయింట్లు. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి డెబ్బై శాతం, అంటే ఏడు. నేను ఒక్కదాన్నే రాసినవి ఏడు, వాటికి డెబ్బై. ఇంకొకరితో కలిసి రాసినవి మూడు, వాటికి ఇరవై ఒకటి. పీహెచ్‌డీ వచ్చిన విద్యార్థికి పది. జాతీయ ప్రచురణ సంస్థ పుస్తకానికి పది. మొత్తం నూట పదకొండు. ఒక్క పాయింటు ఎక్కువ. పండగ చేసుకున్నాను.

ఇంటర్వ్యూలో ఏం జరిగిందో వినండి. మూడు పత్రాలు వచ్చిన పత్రిక "ఇప్పుడు జాబితాలో లేదు" అన్నారు. నేను రాసినప్పుడు ఉంది. "రుజువేది?" అన్నారు. నా దగ్గర లేదు. ముప్పై పాయింట్లు పోయాయి, పది పత్రాలు ఏడయ్యాయి. పుస్తకం తెలుగులో ఉంది, "దీన్ని జాతీయ ప్రచురణ అనలేం" అన్నారు. ఇంకో పది పోయాయి. నూట పదకొండు కాస్తా డెబ్బై ఒకటైంది. చివర్లో ఒకాయన కళ్లజోడు తీసి, "మీరు ఉద్యోగంలోకి వచ్చింది కోటాలోనే గదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకూ 110కీ సంబంధం ఏంటి? నేను అడగలేదు. ఎందుకు అడగలేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ కమిటీలో మన గురించి ఒక రూలుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, వికలాంగ వర్గాల అభ్యర్థి ఉండి, మిగతా సభ్యుల్లో ఆ వర్గం వాళ్లు ఎవరూ లేకపోతే, వీసీ ఒకరిని నియమించాలి. నా దగ్గర దీన్ని ఎట్లా చదివారంటే, ఈ ఆరింటిలో ఎవరో ఒకరుంటే చాలని. ఒక మహిళా ప్రొఫెసర్ ఉన్నారు, నేనూ మహిళనే, అయిపోయింది. ఆమె మంచి మనిషే. కానీ తెలుగులో పుస్తకం ఎందుకు రాశానో, నా పత్రాల్లో సగం ఏజెన్సీ గురించే ఎందుకున్నాయో చెప్పే మనిషి ఆ గదిలో లేరు.

ఒకసారి తిరస్కరిస్తే ఏడాది దాకా మళ్లీ చూడరు. తర్వాత గెలిచినా తిరస్కరించిన తేదీ నుంచి ఏడాది తర్వాతే ప్రమోషన్ లెక్క. యాభై మూడులో ఫైలు పెట్టాను, యాభై నాలుగులో కాదన్నారు, యాభై ఐదులో ప్రొఫెసర్ అయ్యాను. అప్పుడు మా దగ్గర రిటైర్మెంట్ అరవై. పదేళ్ల ప్రొఫెసర్ అనుభవం అనేది నాకు ఈ జన్మలో లేదు. ఒక్క సంతకానికి ఎంత దూరం బలం ఉంటుందో చూడండి.

ఆ ఏడాది ఏం చేశానో చెప్తా. మొదటి నెల ఏడ్చాను. మా అమ్మ "పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పినవు, ఇంకా నీకు పరీక్షేంది బిడ్డా" అంది. రెండో నెల సమాచార హక్కు కింద కమిటీ మినిట్స్, నా స్కోరు షీటు అడిగాను. కాగితం చేతికొచ్చాక కోపం పోయి పని మొదలైంది. పత్రిక సంపాదకులకు రాసి, నా పత్రాలు అచ్చైన నెలలో ఆ పత్రిక జాబితాలో ఉన్నట్టు రుజువు తెప్పించాను. పుస్తకం గురించి వాదించడం మానేశాను. పోడు భూముల సర్వే కోసం నేను, నా విద్యార్థులు ఆరేళ్లు గ్రామసభల్లో తిరిగి రాసిన నివేదిక ఒకటుంది. యూనివర్సిటీ లెక్కలో దానికి సున్నా. ఆ సమాచారంతోనే రెండు పత్రాలు రాశాను. నా రెండో విద్యార్థినికి పీహెచ్‌డీ వచ్చింది. ఈసారి పుస్తకం లేకుండానే 131.

మీకు నేను చెప్పే జాగ్రత్తలు ఇవే. పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు.

పత్రం అచ్చైన రోజే ఆ పత్రిక ఏ జాబితాలో ఉందో ఆ పేజీ ప్రింటు తీసి, తేదీ వేసి దాచుకోండి. జాబితాలు మారిపోతాయి. యూజీసీ కేర్ జాబితానే 2025లో ఎత్తేశారు. వార్డెన్ ఆర్డరు, ఎన్ఎస్ఎస్ ఆర్డరు, పరీక్షల డ్యూటీ ఆర్డరు, ప్రతి కాగితం ఉంచుకోండి. ఏటా నిర్వహించిన పనులు కూడా మదింపులో లెక్కకొస్తాయి. నోటిమాటతో పని చెప్తే "ఆర్డరు ఇవ్వండి సార్" అని అడగండి. గైడ్‌గా మీ పేరు విద్యార్థి రికార్డులో ఉందో లేదో ఏటా చూసుకోండి. సెలవు మీద పోయినప్పుడు పేరు మారిపోతుంది. అర్హత తేదీకి మూడు నెలల ముందే రాసివ్వండి, రశీదు తీసుకోండి. మీ యూనివర్సిటీ ఏ సంవత్సరం నిబంధనల కింద పిలుస్తుందో ముందే తెలుసుకోండి. రాష్ట్ర యూనివర్సిటీల్లో అది ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి ఉంటుంది. ఫైలు ఒక్కరే కట్టకండి. ఇద్దరు కూర్చుని ఒకరిది ఒకరు చూడండి. నా ఫైలు ముందే ఎవరైనా చూసుంటే ఆ మూడు పత్రాల రుజువు అడిగేవారు.

అన్యాయం జరిగితే ఎస్టీ సెల్‌కు రాయండి. అక్కడ కదలకపోతే జాతీయ ఎస్టీ కమిషన్ ఉంది. రాజ్యాంగం 338ఎ కింద విచారణలో దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి, మనుషులను పిలిపించగలదు, రికార్డు తెప్పించగలదు. కానీ కమిషన్ కూడా కాగితమే అడుగుతుంది.

కాగితం దాచుకోవడం మన పని. నిబంధన మార్చడం అందరి పోరాటం. మనం అడగాల్సినవి ఇవి. ఏడాదికి రెండుసార్లు దరఖాస్తులు పిలవాలి, ఆరు నెలల్లో తేల్చాలి. ఎస్టీ అభ్యర్థి ఉన్న కమిటీలో ఎస్టీ ప్రొఫెసరే ఉండాలి, సొంత యూనివర్సిటీలో లేకపోతే బయటి నుంచి పిలవాలి. కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో రాతలో ఇవ్వాలి. ఎస్టీ పోస్టుకు "తగిన వారు లేరు" అని రాస్తే, వచ్చిన ప్రతి అభ్యర్థిలో ఏది తక్కువైందో కూడా రాయాలి. కోయ, గోండి, సవర, కువి భాషల్లో చేసిన పరిశోధనకు పాయింట్లు ఉండాలి. 1940లలోనే మార్లవాయిలో గోండు పిల్లలకు గోండిలో చదువు చెప్పడానికి గోండు టీచర్లను తయారుచేశారు. విజయనగరంలో, ములుగులో గిరిజన విశ్వవిద్యాలయాలు పెట్టుకున్న ఈ రోజుల్లో గోండిలో రాసిన పుస్తకానికి ఎన్ని పాయింట్లో చెప్పలేకపోతే ఆ పేరు బోర్డు మీద ఎందుకు?

చివరిగా ఒక మాట. "పాయింట్ల కోసం పరుగెత్తితే ఊరిని మర్చిపోతాం గదా" అని ఇందాక ఒక చెల్లి అడిగింది. మర్చిపోయినవాళ్లను నేను చూశాను. నా అనుభవం మాత్రం వేరు. ఆ ఆరేళ్లు గ్రామసభల్లో తిరగకపోతే ఆ రెండు పత్రాలు లేవు. ఊరే నన్ను ప్రొఫెసర్ చేసింది. ఊళ్లో చేసిన పనిని కాగితం మీద పెట్టడం నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలియాలని చెప్తున్నా.

పోయిన నెల ఒక సెలెక్షన్ కమిటీకి నన్ను సభ్యురాలిగా పిలిచారు. ఒక ఆదివాసీ అబ్బాయి వచ్చాడు. తెలుగులో అచ్చైన పుస్తకం టేబుల్ మీద పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచాడు. ఎవరో లాక్కుంటారన్నట్టు. నేను ఆ పుస్తకం అడిగి తీసుకుని మూడో అధ్యాయం గురించి ప్రశ్న వేశాను. పిల్లోడు అరగంట మాట్లాడాడు.

ఆ టేబుల్‌కు ఇవతల మనలో ఇంకా పదిమంది కూర్చోవాలి. ఫైళ్లు మొదలుపెట్టండి.

జై ఆదివాసీ!