పచ్చకొండ మీది ద్రాక్షపల్లెలు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ద్రాక్ష పండే ఒక చిన్న పల్లె గురించి, దాని భౌగోళిక స్థితి, వారసత్వాల గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు ఆదేశించారు. ద్రాక్షపల్లె అనగానే మనసు ఫ్రాన్సుకు పోతుంది. అక్కడి సెంట్ ఎమిలియన్ ప్రాంతపు తోటలనూ పల్లెలనూ కలిపి 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కాని మనం అంత దూరం పోనక్కరలేదు. ఇక్కడి నుంచి నిజ్వా దారి పట్టి, బిర్కత్ అల్ మౌజ్ దగ్గర కొండెక్కితే జెబెల్ అఖ్దర్. అంటే పచ్చకొండ. ఆ కొండ మీది సైక్ పీఠభూమి అంచున, లోతైన వాది మీదికి తొంగిచూస్తూ మూడు పల్లెలు వరసగా ఉన్నాయి. అల్ అయిన్, అల్ అకర్, అష్ షురైజా.

ఎత్తు సుమారు 2,000 మీటర్లు. మస్కట్‌లో ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అక్కడ సగటున సుమారు 300 మిల్లీమీటర్లు పడుతుంది. శీతాకాలపు రాత్రుల్లో నీరు గడ్డకట్టే రోజులూ ఉంటాయి. అందుకే మైదానంలో ఖర్జూరం పండే దేశంలో ఈ కొండ మీద దానిమ్మ, ద్రాక్ష, అక్రోటు, పీచ్ పండ్లు పండుతున్నాయి. నేల మాత్రం సున్నపురాతి కొండవాలు. తరతరాల రైతులు రాళ్ళు పేర్చి, మట్టి నింపి, మెట్లు మెట్లుగా మడులు కట్టారు. ఒక్కొక్క మడి మన పెరటి వాకిలంత కూడా ఉండదు.

అరబ్బీలో ద్రాక్షను ఇనబ్ అంటారు. హైదరాబాదు పెద్దలకు అనాబె షాహీ ద్రాక్ష గుర్తుండే ఉంటుంది. ఆ పేరులోని అనాబ్ ఈ మాటే. 1835-36లో ఒమాన్‌లో తిరిగిన ఇండియన్ నేవీ లెఫ్టినెంట్ వెల్‌స్టెడ్ ఈ కొండ కూడా ఎక్కాడు. 1838లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఇక్కడి ద్రాక్షతోటలను వర్ణించి, ఆ కాలపు బనూ రియామ్ తెగవారు ద్రాక్షాసవం చేసుకునేవారని కూడా రాశాడు.

ఇప్పుడు ఆ పల్లెల పేరు చెబితే ముందు గుర్తుకొచ్చేది గులాబీ. మన ఉగాది వేళకు పూత మొదలై మే నెల దాకా సాగుతుంది. తెల్లవారుజామున కోసిన రేకులను మట్టికుండలో వేసి మట్టిపొయ్యి మీద పెడతారు. కుండలో చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. పైన చన్నీళ్ళ పళ్ళెం మూతగా పెడతారు. ఆవిరి ఆ పళ్ళెం అడుగున తగిలి, చల్లబడి, చుక్కచుక్కగా గిన్నెలో పడుతుంది. రంగు కాస్త ముదురు, పొగ వాసన. దాన్ని కొన్ని వారాలు నిలవబెట్టి తేరనిస్తారు. మనం పెళ్ళిపందిట్లో చల్లే పన్నీరు ఇదే కదా! ఇక్కడివారు హల్వాలోనూ కహ్వాలోనూ కలుపుతారు.

ఇంతకూ ఆ ఊళ్ళకు ప్రాణం నీరు. అల్ అయిన్ అంటేనే ఊట. ఊటనీటిని తొట్టిలో పట్టి, సన్నని కాలువల ద్వారా మడిమడికీ పంపుతారు. ఈ ఏర్పాటును ఫలజ్ అంటారు. ఒమాన్‌లో ఇప్పటికీ సుమారు 3,000 ఫలజ్‌లు పారుతున్నాయి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఐదింటిలో ఫలజ్ అల్ ఖత్మీన్ కొండ కింది బిర్కత్ అల్ మౌజ్‌లోనే ఉంది.

ఫలజ్ నీటిని కొలిచేది కాలంతో. అరగంట నీటిని ఒక అథర్ అంటారు. పూర్వం పగలు నీడను చూసి, రాత్రి చుక్కలను చూసి వంతులు మార్చేవారు. వంతుల లెక్క చూసే పెద్దను అరీఫ్ అంటారు. వింటుంటే మన పల్లెలు గుర్తుకు రావడం లేదూ? తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసిన పని ఇదే. చెరువుల మరమ్మతు కోసం దశబంధ మాన్యాలు ఇచ్చిన జాతి మనది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను 1369లోనే కడప సీమ పోరుమామిళ్ళ శాసనంలో చెక్కించారు. నీటిచుక్క విలువ మనకు ఒకరు నేర్పవలసిన పాఠం కాదు.

అయినా ఒక ముచ్చట విన్నవించాలి. ఒక వసంతంలో మేము కుటుంబంతో అల్ అయిన్ వెళ్ళాము. కాలువగట్టున నడుస్తూ మా మనవరాలు, ఒక మడికి అడ్డుపెట్టిన రాయినీ గుడ్డముక్కనూ ఆటగా లాగేసింది. నీళ్ళు గలగలా మడిలోకి మళ్ళాయి. అక్కడున్న ముసలి రైతు కోపగించుకోలేదు. వచ్చి రాయిని తిరిగి పెట్టి, గుడ్డ కూరి, ‘దౌర్’ అంటూ పక్క మడిని చూపించాడు. బడిలో అరబ్బీ నేర్చుకుంటున్న పిల్లకు ఆ మాట వెంటనే అర్థమయింది. “అవునమ్మా, ఇప్పుడు ఆ మడి వంతు” అన్నాము మేము. అప్పుడు అడిగింది, “వంతు అంటే ఏమిటి తాతయ్యా?”

మాకు జవాబు తోచలేదు. రాయి తప్పించింది పిల్ల కాదు, మేమే అనిపించింది. వంతు, గట్టు, మడి, తూము అన్న మాటలు ఇంట్లో పలికి ఎన్నేళ్ళయిందో! పిల్లకు రాకపోవడంలో వింతేముంది?

ఆ పల్లెలకూ ఈ దిగులు తప్పలేదు. వానలు నమ్మకం లేకుండా పోయాయి. శీతాకాలపు చలి తగ్గుతున్నది. తగినంత చలి లేనిదే పీచ్, అక్రోటు చెట్లు సరిగా కాపుకు రావు. చదువుకున్న కుర్రాళ్ళు ఉద్యోగాలకు పట్నం చేరారు. దగ్గరలోని వాదీ బనీ హబీబ్‌లో పాత రాతి ఇళ్ళ ఊరు మనుషులు లేక పాడుబడి ఉంది. కాలువ పూడిక తీసేవారు లేకపోతే, జాబితాలో పేరున్నంత మాత్రాన నీరు పారదు.

కనుక మా మనవి రెండు మాటలు. ఈ గులాబీల కాలంలో పిల్లలను ఒకసారి ఆ కొండకు తీసుకుపోండి. దుకాణంలో పన్నీరు సీసా కొని తిరిగి రాకుండా, కాలువ వెంబడి నడిపించండి. ఏది చూస్తే దాని అరబ్బీ పేరు అక్కడివారిని అడగనివ్వండి, తెలుగు పేరు మీరు చెప్పండి. మీకూ గుర్తు రాకపోతే ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి పిల్లల చేతే అడిగించండి. ఎన్నో ఏళ్ళుగా ఈ దేశపు నీళ్ళు తాగుతున్న మనం, ఆ నీళ్ళు ఎక్కడ పుట్టి ఎవరి చేతులమీదుగా వస్తున్నాయో తెలుసుకోవడం కనీస ధర్మం.

మా మనవరాలికి ఆ మాట ఇప్పుడు వచ్చు. ఇంట్లో ఉయ్యాల దగ్గర తమ్ముడితో “నా వంతు” అని పోట్లాడుతున్నది. ఆ పోట్లాట వింటుంటే మాకు ఆనందంగా ఉన్నది.