ఒడలు నీలమగుట



పిఠాపురమున కుక్కుటేశ్వరస్వామిని సేవించు వారికి గరళకంఠుని కథ క్రొత్తగా చెప్పనక్కఱలేదు. హాలాహలము మ్రింగగా స్వామి కంఠము నల్లనయ్యెనని విని పెరిగిన మనకు విషమే దేహమునకు నీలిమ తెచ్చునను తలంపు చిన్ననాటనే నాటుకొన్నది. అందుచేత పాము కఱచిన వాని పెదవులు నల్లబడగానే, విషము తలకెక్కినదని ఆశ వదలుకొనుట కలదు. ఆ తలంపు ఎంతవఱకు సరియో విచారింతము.

రక్తమునకు రంగునిచ్చునది హెమోగ్లోబిన్ అను పదార్థము. ఊపిరితిత్తులయందు ప్రాణవాయువును గ్రహించినపుడది ఎఱ్ఱగా ప్రకాశించును. ఆ వాయువును అవయవముల కొసగిన పిదప రంగు ముదురును. ఈ ముదురు రక్తమే పైపొర గుండ చూచువారికి నీలముగా తోచును. కావున నీలిమ సాధారణముగా విషపు రంగు కాదు. ప్రాణవాయువు చాలదను కబురు.

కట్లపాము సంగతి చూడుడు. అది తఱచు రాత్రివేళ నేలపై నిద్రించు వారిని కఱచును. నొప్పి స్వల్పము, గాటు కానరాకపోవచ్చును. కొన్ని గంటలకు ఱెప్పలు వాలును, మాట తడబడును, మెడ నిలువదు, తుదకు శ్వాస మందగించును. విషము రక్తమునకు రంగు వేయలేదు. ఊపిరి నడపు కండరములకు నరముల ఆజ్ఞ అందకుండ చేసినది. కనుక నీలమైనవాడు చచ్చినవాడు కాడు. వైద్యశాలలో యంత్రముచే శ్వాస నడిపి, విషహరమగు మందు నెక్కించినచో, కొన్ని దినములు కదలక పడియున్నవారును లేచి ఇల్లు చేరుదురు. మంత్రములకును, గాట్లు పెట్టుటకును పోవు ప్రతి నిమిషమును ఆ ఊపిరిలోనిదే. రోగిని కదలనీయక 108కి కబురంపవలెను. శ్వాస నిలిచినచో నోటితో నోటిలోనికి ఊపిరి ఊదుచుండవలెను.

అయినను నీలిమ కొఱకు వేచియుండరాదు. ఏలయన అది ఆలస్యముగా వచ్చు కబురు. సన్నని రక్తనాళములలో 100 మిల్లీలీటర్ల రక్తమునకు సుమారు 5 గ్రాముల హెమోగ్లోబిన్ ప్రాణవాయువు లేక యున్నగాని నీలిమ కానరాదని డెన్మార్కు వైద్యుడు లుండ్స్‌గార్డు 1919లో లెక్క కట్టెను. 15 గ్రాములున్న పుష్టికాయునిలో అది మూడవ వంతు. రక్తహీనతచే 6 గ్రాములే మిగిలిన బాలింతలో ఆఱింట అయిదు వంతులు! ఆమె నీలము కాకయే ప్రాణాపాయము పొందవచ్చును. పాలిపోయిన ముఖమును చూచి, నీలము లేదుగదా యని ధైర్యపడుట ప్రమాదము.

మఱి ఎక్కడ చూడవలెను? చామనచాయ మేనిపై నీలిమ సులభముగా తెలియదు. నోరు తెఱపించి, పగటి వెలుతురున నాలుకను, పెదవి లోపలి భాగమును చూడవలెను. తాంబూలము వేసికొన్న వారిచే ముందు నోరు కడిగింపవలెను. గోరింట పండిన గోళ్లను నమ్మరాదు. చలికి వ్రేళ్లు మాత్రమే నీలమై నాలుక ఎఱ్ఱగానున్నచో వెచ్చజేసి చూడవచ్చును. అప్పుడే పుట్టిన శిశువునకు చేతులు కాళ్లు కొంత నీలముగా నుండుట వింత కాదు. నాలుక నీలమైనచో తక్షణము వైద్యుని చూపవలెను. అట్టి శిశువులలో కొందఱికి గుండెలోనే లోపముండును. 1944 నవంబరు 29న అమెరికాలోని బాల్టిమోరు నగరమున బ్లేలాక్ అను వైద్యుడు అట్టి బిడ్డకు శస్త్రచికిత్స చేసిననాటి నుండి వారికిని ఆశ కలిగినది.

2021 నాటి కోవిడ్ ఉపద్రవమున ఆక్సీమీటరు ఇంటింట పరిచయమైనది. జపానుదేశీయుడగు అయోయాగి 1974లో ప్రకటించిన పద్ధతియే దానికి మూలము. గోళ్లరంగు తుడిచి, వ్రేలు వెచ్చజేసి పెట్టవలెను. అది 95కు పైన చూపుట ఆరోగ్య లక్షణము. 90కి దిగువ ఆపద. నల్లని మేనిగలవారిలో అది ఒక్కొక్కప్పుడు ఉన్నదానికంటె ఎక్కువ చూపునని 2020లో అమెరికా వైద్యులు వెల్లడించిరి. అంకె బాగున్నను రోగి ఎగవూపిరి తీయుచున్నచో, రోగినే నమ్మవలెను గాని అంకెను కాదు.

నీలిమను చూచి ఆశ విడువరాదు. నీలిమ లేదని అలసత్వమును పనికిరాదు. ముందు ఊపిరిని చూడుడు, పిమ్మట నాలుకను చూడుడు, ఆపై జాగుచేయక బయలుదేరుడు.