పేగు మేలుకొన్న కబురు



ఈ రోజు చెప్పుకునే సంగతి కొంచెం సిగ్గుగా ఉంటుంది. కొందరికి నవ్వు కూడా వస్తుంది. నవ్వండి, తప్పు లేదు. కానీ నవ్వేసి మరిచిపోకండి.

కడుపు కోసి పేగుకు ఆపరేషన్ చేస్తారు. మరునాటి నుంచి డాక్టరు రోజూ మంచం దగ్గరకు వచ్చి ఒకటే అడుగుతాడు. "ఏమ్మా, కింద గాలి పోయిందా?" అని. ఆ ప్రశ్నకు చాలామంది ఆడవాళ్లు జవాబు చెప్పరు. తల పక్కకు తిప్పుకుంటారు. వార్డులో పది మంది ఉంటారు. అడిగేది మగ డాక్టరు. ఎట్లా చెప్పేది?

చెప్పాల. ఎందుకు చెప్పాలో ఇప్పుడు చూద్దాం.

పేగు అంటే ఏమిటి?

కడుపులో రెండు పేగులు ఉంటాయి. చిన్నపేగు సుమారు 20 అడుగుల పొడవు. కట్టుకునే చీరకన్నా కాస్త ఎక్కువే. అంత పొడవు పేగు చుట్టలు చుట్టుకొని కడుపులో ఉంటుంది. దాని తర్వాత పెద్దపేగు. అది సుమారు 5 అడుగులు.

తిన్న సంగటి దానంతట అది కిందికి జారదు. పేగు దాన్ని తోస్తుంది. ఎనుమును పితికేటప్పుడు వేళ్లు ఎట్లా నొక్కుతాం? పై వేలు ముందు, దాని కింది వేలు తర్వాత. పాలు కిందికి దిగుతాయి. పేగు కూడా అట్లాగే పైనుంచి కిందికి నొక్కుకుంటూ పోతుంది. ఈ పని పగలూ రాత్రీ జరుగుతూనే ఉంటుంది.

పేగు ఎందుకు నిద్రపోతుంది?

ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో పేగు ఆపరేషన్ కొత్త మాట కాదు. టైఫాయిడ్ ముదిరితే పేగుకు చిల్లు పడవచ్చు. అపెండిక్స్ పగలవచ్చు. పేగు మెలి పడవచ్చు. టీబీ పేగుకు కూడా వస్తుంది. అప్పుడు ఆపరేషన్ తప్పదు. నంద్యాలకు పోవాల, లేదా నందికొట్కూరు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు కర్నూలుకు పోవాల. కర్నూలులో మెడికల్ కాలేజీ 1957లో మొదలైంది. నంద్యాలలో 2023లో మొదలైంది.

డాక్టరు చేయి తగిలితే పేగు కదలడం ఆపేస్తుంది. అత్తిపత్తి ఆకును ముట్టుకుంటే ముడుచుకుంటుంది కదా, అట్లాగన్నమాట. ఇది జబ్బు కాదు. పేగు ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ కొంత జరుగుతుంది.

మళ్లీ ఎప్పుడు మేలుకుంటుంది? చిన్నపేగు ఒక రోజులో మేలుకుంటుంది. జీర్ణకోశానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పెద్దపేగుది మొద్దునిద్ర. దానికి రెండు మూడు రోజులు కావాల. అది కూడా మేలుకుంటే గాలి కిందికి పోతుంది. అంటే గాలి పోవడం ఒక కబురు. "పై నుంచి కింది దాకా దారి తెరుచుకుంది" అని పేగు పంపిన కబురు.

కొందరికి నాలుగు రోజులైనా, ఐదు రోజులైనా పేగు కదలదు. కడుపు బిర్రుగా ఉబ్బుతుంది. వికారం, పసరు వాంతులు. డాక్టర్లు దీన్ని ఇలియస్ అంటారు.

ఒక అత్త, ఒక కోడలు

ఇది ఏ ఒక్కరి కథా కాదు. చాలా మంచాల దగ్గర జరిగేదే. ఒక అత్తకు పేగు ఆపరేషన్ అయింది అనుకోండి. కోడలు తోడు ఉంది. కోడలు ఈ మధ్యనే చదవడం, రాయడం నేర్చింది.

మొదటి రోజు అత్తకు నోరు ఎండిపోయింది. "అమ్మీ, గుటకెడు నీళ్లు పోయవే" అని బతిమాలింది. కోడలి మనసు కరిగింది. గ్లాసు చేతికి తీసుకుంది. అప్పుడు మంచం మీద తగిలించిన అట్ట కనిపించింది. కూడబలుక్కొని చదివింది. "నోటితో ఏమీ ఇవ్వరాదు." గ్లాసు కింద పెట్టేసింది. సిస్టరమ్మను అడిగింది. తడి గుడ్డతో పెదాలు అద్దమని సిస్టరమ్మ చెప్పింది.

పక్క మంచం ఆమెకు రెండో రోజే గంజి ఇచ్చారు. అత్తకు ఇవ్వలేదు. అత్తకు కోపం వచ్చింది. "ఆమెకొక న్యాయం, నాకొక న్యాయమా?" అంది. అది న్యాయం మాట కాదు. ఆపరేషన్ వేరు, పేగు వేరు. వెనుకటి రోజుల్లో గాలి పోయేదాకా ఎవ్వరికీ చుక్క నీళ్లు ఇచ్చేవాళ్లు కాదు. 1990ల నుంచి డెన్మార్క్ దేశంలో కెలెట్ అనే డాక్టరు, ఆయన తోటి డాక్టర్లు వేరే దారి చూపించారు. మనిషిని త్వరగా లేపి నడిపించాల, వీలైతే త్వరగా కొంచెం కొంచెం తాగించాల, మత్తు కలిగిన నొప్పి మందులు తగ్గించాల అన్నారు. అందుకే ఇప్పుడు కొందరికి గాలి పోకముందే గుటకెడు నీళ్లు ఇస్తారు. ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో ఆపరేషన్ చేసిన డాక్టరుకే తెలుసు.

మూడో రోజు అత్త కడుపు ఉబ్బింది. పసరు వాంతి అయింది. ముక్కులోంచి జీర్ణకోశంలోకి సన్నని గొట్టం వేశారు. అది చూసి అత్త హడలిపోయింది. "ప్రాణం మీదికి వచ్చిందేమో, గొట్టం వేశారు" అని ఏడ్చింది. గొట్టం భయపడే వస్తువు కాదు. లోపల నిలిచిన పసరును, గాలిని అది బయటికి తీస్తుంది. కడుపు తేలికపడుతుంది, వాంతులు ఆగుతాయి. గొట్టం ఇబ్బందిగా ఉందని లాగేయకూడదు.

డాక్టర్లు ఏం చేస్తారు?

మొదట సెలైను ఎక్కిస్తారు. వాంతులతో పోయిన నీళ్లు మళ్లీ రావాల కదా. కానీ సెలైను ఎక్కువైనా మంచిది కాదు. పేగుకు నీరు పట్టి ఉబ్బుతుంది. అందుకని "ఇంకొక బాటిల్ పెట్టండి సార్" అని అడగకూడదు. మూత్రం ఎంత వచ్చిందో కొలిచి, ఎంత కావాలో వాళ్లు లెక్క వేస్తారు.

తర్వాత రక్తం పరీక్ష చేస్తారు. రక్తంలో పొటాషియం అనే ఉప్పు ఉంటుంది. అది తగ్గితే పేగుకు బలం ఉండదు, కదలలేదు. తగ్గిన ఉప్పును సెలైనులో కలిపి మెల్లగా ఎక్కిస్తారు.

నొప్పి మందులు కూడా చూస్తారు. మార్ఫిన్ వంటి గట్టి మందులు నొప్పితో పాటు పేగును కూడా జోకొడతాయి. వాటిని తగ్గించి వేరే మందులు ఇస్తారు. అట్లాగని నొప్పిని పళ్లు కరుచుకొని ఓర్చుకోవద్దు. నొప్పి ఉంటే మనిషి లేవదు, నడవదు, గట్టిగా ఊపిరి తీయదు. నొప్పి ఎంత ఉందో చెప్పాల.

ఇంకా ఆలస్యమైతే ఎక్స్‌రే తీస్తారు. స్కానింగ్ చేస్తారు. పేగు నిద్రపోతోందా, ఎక్కడైనా అడ్డు పడిందా, కుట్టు వదిలిందా అని చూస్తారు. నిద్ర అయితే ఆగి చూడడమే వైద్యం. అడ్డుపడినా, కుట్టు వదిలినా వైద్యం వేరు. మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు.

ఇంట్లో వాళ్లు ఏం చేయాల?

నడిపించాల. "పచ్చి కుట్లు, కదలొద్దు" అని పెద్దవాళ్లు చెప్తారు. అది ప్రేమతో చెప్పే మాట. కానీ మంచం పట్టుకొని ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. ఊపిరితిత్తుల్లో కఫం చేరవచ్చు. డాక్టరు సరే అన్నాక మొదట మంచం అంచున కూర్చోబెట్టాల. తర్వాత నిలబెట్టాల. తర్వాత నాలుగు అడుగులు. దగ్గు వస్తే మడిచిన తువ్వాలును కుట్ల మీద అదిమి పట్టుకోవాల. లంగా నాడా కుట్ల మీద బిగించి కట్టకూడదు. నైటీ వేస్తే మేలు.

నమలడం ఇంకొక ఉపాయం. 2002లో జపాన్ డాక్టర్లు పేగు ఆపరేషన్ అయినవాళ్ల చేత చూయింగ్ గమ్ నమిలించి చూశారు. నమిలినవాళ్లకు గాలి ముందుగా పోయింది. నోరు ఆడితే తిండి వస్తోందని పేగు అనుకుంటుంది, మేలుకుంటుంది. తర్వాత చాలా దేశాల్లో ఇట్లా చేసి చూశారు. కొందరికి మేలు జరిగింది, కొందరికి పెద్ద తేడా లేదు. 2012లో జర్మనీ డాక్టర్లు కాఫీ తాగించి చూశారు. వట్టి నీళ్లు తాగినవాళ్లకు సుమారు 74 గంటలకు విరేచనం అయింది. కాఫీ తాగినవాళ్లకు సుమారు 60 గంటలకే అయింది. ఇవి రెండూ డాక్టరు ఒప్పుకుంటేనే చేయాల. వాంతులవుతున్న మనిషికి వద్దే వద్దు. ఇంకొక మాట. నమలమన్నారు కదా అని వక్కాకు, పొగాకు నోట్లో పెట్టకూడదు. పొగాకుతో కుట్లు మానడం ఆలస్యమవుతుంది.

చేయకూడని పని ఒకటి ఉంది. పల్లె నుంచి చూడవచ్చిన చుట్టాలు "ఆముదం తాగించు, కడుపు జాడిస్తుంది" అంటారు. వద్దు. పచ్చి కుట్టున్న పేగును బలవంతంగా తరిమితే కుట్టు వదలవచ్చు. ఎనిమా కూడా సొంతంగా ఇవ్వకూడదు. కడుపు పిసకకూడదు, కాపడం పెట్టకూడదు.

దాచినా కష్టమే, అబద్ధం చెప్పినా కష్టమే

నాలుగో రోజు రాత్రి రెండు గంటలకు అత్తకు గాలి పోయింది. కడుపు తేలికైంది. కానీ పొద్దున డాక్టరు అడిగితే అత్త పలకలేదు. డాక్టరు ఏమనుకుంటాడు? ఇంకా పోలేదు అనుకున్నాడు. గొట్టం తీయలేదు. నీళ్లు ఇమ్మనలేదు. ఒక రోజు వృథా అయింది. ఒక రోజు అంటే కూలివాళ్ల ఇంట్లో రెండు కూలీలు పోయినట్టే. ఒకటి కోడలిది, ఇంకొకటి పెద్దాసుపత్రి మెట్ల మీద కూర్చున్న కొడుకుది.

పక్క మంచం ఆమె తప్పు వేరు. ఆమెకు ఇంటికి పోవాలని తొందర. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నాడు. గాలి పోకపోయినా "పోయింది సార్" అనేసింది. అన్నం పెట్టారు. సాయంత్రానికి కడుపు ఉబ్బి వాంతులు పట్టుకున్నాయి. మళ్లీ సెలైను, మళ్లీ గొట్టం.

మరునాడు డాక్టరు రాకముందే కోడలు అత్త చెవిలో అడిగింది. "అత్తా, గాలి పోయిందా?" అత్త నవ్వి, "నిన్ననే పోయిందే అమ్మీ" అంది. కోడలు పిల్లవాడి నోటుపుస్తకంలో నుంచి కాగితం చించింది. ఇట్లా రాసింది:

"బుధవారం. పసరు వాంతి ఒక గ్లాసు. ముక్కు గొట్టం వేశారు.
గురువారం. 20 అడుగులు నడిచింది. రాత్రి 2 గంటలకు గాలి పోయింది.
శుక్రవారం. వాంతి లేదు. కడుపు మెత్తగా ఉంది."

డాక్టరు వస్తూనే కాగితం చేతికిచ్చింది. నోరు విప్పే పని లేకుండా పోయింది. డాక్టరు కాగితం చదివాడు. కడుపు తాకి చూశాడు. గొట్టం పెట్టి పేగు చప్పుడు విన్నాడు. ఆ మధ్యాహ్నం ముక్కు గొట్టం తీశారు. సాయంత్రం గుటకెడు నీళ్లు. తర్వాత తేట గంజి. తర్వాత మజ్జిగ, ఇడ్లీ, మెత్తని పప్పన్నం. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు

పేగు నిద్ర అనుకొని అన్నింటికీ ఊరుకోకూడదు. జ్వరం వస్తే, కడుపు చెక్కలా గట్టిపడితే, నొప్పి పెరుగుతూ పోతే, గుండె దడదడలాడితే, మూత్రం తగ్గితే, కుట్లలో నుంచి పసరు గానీ చీము గానీ వస్తే వెంటనే సిస్టరమ్మకు చెప్పాల. అర్ధరాత్రి అయినా లేపాల. ఇంటికి వచ్చాక ఈ గుర్తులు కనిపించినా, వాంతులు మళ్లీ మొదలైనా 108కి ఫోన్ చేయాల. ఈ బండ్లు 2005 నుంచి నడుస్తున్నాయి, డబ్బు అడగరు. ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకొని పోవాల.

ఖర్చు మాట కూడా ముందే అడగాల. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో ఉంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసుకొని ఆసుపత్రిలో పథకం బల్ల దగ్గర అడగాల. "ఈ ఆపరేషన్ పథకంలో వస్తుందా? తర్వాత ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే ఎట్లా?" అని అడగాల.

అక్కలారా! చదువు వచ్చాక బస్సు బోర్డు చదివారు. రేషన్ కార్డులో పేరు సరి చూసుకున్నారు. మంచానికి తగిలించిన అట్ట కూడా చదవవలసిందే. నోటితో చెప్పలేనిది కాగితం మీద రాయవచ్చు. ఈ నాలుగు మాటలు ఈ రాత్రి పలక మీద రాసి చూడండి:

గాలి పోయింది.
గాలి పోలేదు.
వాంతి అయింది.
కడుపు ఉబ్బింది.

ఇవి చిన్న మాటలే. ఎవరికైనా పేగు ఆపరేషన్ అయిన రోజు వీటిలో ఏది నిజమో అది రాసి డాక్టరు చేతికి ఇవ్వండి.